తాకింది సరే, ఎవరిని తాకింది?

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయమంటే నాకు తెలిసిన పని గురించే రాస్తున్నాను. కంప్యూటరు గేములు ఎలా ఆడాలో మీకు నేను చెప్పక్కర్లేదు. వాటి లోపల జరిగే ఒక చిన్న పని గురించి చెబుతాను. ఇది అర్థం కావడానికి ఇంగ్లీషు మీడియం అక్కర్లేదు, కంప్యూటరు ముందు కూర్చోవాల్సిన పని కూడా లేదు. ఒక రూళ్ళ నోటుబుక్కు, పెన్సిలు ఉంటే చాలు.

క్యారమ్ బోర్డు లేని హాస్టల్ ఉండదు కాబట్టి అక్కడ మొదలుపెడదాం. స్ట్రైకరుతో కొట్టాం. అది తెల్ల కాయిన్‌కి తగిలినా, నల్ల కాయిన్‌కి తగిలినా, రెడ్‌కి తగిలినా జరిగేది ఒకటే. తగిలిన కోణాన్ని బట్టి, వేగాన్ని బట్టి రెండూ చెరో వైపు పోతాయి. అక్కడ రంగుతో పని లేదు. అదే కాయిన్ మూలనున్న పాకెట్‌లో పడిందనుకోండి, బోర్డు చుట్టూ ఉన్నవాళ్ళందరూ ముందు చూసేది రంగే. మన కాయిన్ పడితే ఇంకో ఛాన్సు. అవతలివాళ్ళది పడితే వాళ్ళకి లాభం. స్ట్రైకరు పడితే ఫైను. రెడ్ పడితే వెంటనే ఫాలో వేయాలి. పాకెట్‌కి ఇదంతా తెలియదు, దానికి తెలిసింది ఏదో వచ్చి పడిందనే. పడింది ఏమిటో చూసి, దాన్నిబట్టి ఏం చేయాలో చెప్పేది మనం.

గేమ్ ప్రోగ్రాములో కూడా ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. ఒకటి, రెండు వస్తువులు తాకాయా? దీన్ని కొలిజన్ డిటెక్షన్ అంటారు. రెండు, తాకిన ఆ రెండూ ఏ రకం వస్తువులు? అంటే ఆబ్జెక్టు టైపు చూడటం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి ప్రశ్న మీద రోజుల తరబడి కుస్తీ పడతారు. నిజానికి అది తేలిక. బొమ్మ చుట్టూ ఒక దీర్ఘచతురస్రం ఉందనుకుని, ఒకటి రెండోదానికి పూర్తిగా ఎడమన ఉందా, కుడిన ఉందా, పైన ఉందా, కింద ఉందా అని నాలుగు ప్రశ్నలు వేయాలి. నాలుగింటికీ కాదు అని వస్తే తాకినట్టే. గుండ్రటి వస్తువులైతే రెండు కేంద్రాల మధ్య దూరం రెండు వ్యాసార్థాల మొత్తం కంటే తక్కువగా ఉందేమో చూస్తారు. పదో తరగతిలో చదివిన పైథాగరస్ సిద్ధాంతం చాలు. అసలు తలనొప్పి రెండో ప్రశ్న దగ్గర మొదలవుతుంది.

దీనికి మంచి ఉదాహరణ స్పేస్ ఇన్వేడర్స్. జపానులో టైటో కంపెనీకి తొమొహిరో నిషికాడో అనే ఆయన 1978లో తయారుచేసిన ఆట. తెర మీద 5 వరుసలు, వరుసకి 11 చొప్పున 55 మంది గ్రహాంతరవాసులు పక్కకీ కిందికీ కదులుతూ దిగుతుంటారు. కింద మన ఫిరంగి. మధ్యలో 4 రక్షణ గోడలు. అప్పుడప్పుడూ పైన ఒక ఎగిరే పళ్ళెం అడ్డంగా పోతుంది. కింది రెండు వరుసల వాళ్ళని కొడితే 10 పాయింట్లు, మధ్య రెండు వరుసలకి 20, పై వరుసకి 30, పళ్ళెం తగిలితే ఇంకా ఎక్కువ. మనం పేల్చే తూటా గోడకి తగిలితే గోడే కొంత ఊడిపోతుంది, పాయింట్లు రావు. ఒకే తూటా, కానీ తగిలిన వస్తువును బట్టి ఫలితం మారిపోతోంది.

ఆ మెషీన్‌లో ఉన్నది ఇంటెల్ 8080 ప్రాసెసరు, వేగం 2 మెగాహెర్ట్జ్. మెమరీ 8 కిలోబైట్లు, అందులో 7 తెర మీది బొమ్మకే సరిపోతాయి. మిగిలిన ఒక్క కిలోబైటులో ఆట మొత్తం నడవాలి. ఈ రోజు మన ఫోనులో తీసే ఒక్క ఫోటో ముందు అది ఏ లెక్కలోకీ రాదు. అంత తక్కువ చోటులో టైపు ఎలా కనిపెట్టారో చూడండి, నాకైతే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

తూటా బొమ్మని తెర మీద గీసేటప్పుడు, గీయబోయే చోట ఇదివరకే వెలిగి ఉన్న చుక్క ఏదైనా ఉందా అని చూస్తారు. ఉంటే దేనికో తగిలినట్టు. దేనికి తగిలిందో చుక్క చెప్పదు, అది వెలిగిందో లేదో తప్ప దాని దగ్గర వేరే సమాచారం లేదు. అందుకని తూటా ఉన్న ఎత్తు చూస్తారు. బాగా పైన, పళ్ళెం తిరిగే దారిలో ఉంటే తగిలింది పళ్ళానికే. గ్రహాంతరవాసుల దండుకి దిగువన ఉంటే గోడకో, శత్రువు తూటాకో తగిలుంటుంది. దండు మధ్యలో ఉంటే వాళ్ళలో ఒకడు. ఎవడు? వాళ్ళు ఎప్పుడూ వరుస తప్పరు కదా. దండు మూల ఎక్కడుందో తెలిస్తే, అక్కడినుంచి తూటా ఎంత దూరంలో ఉందో లెక్కేసి ఫలానా వరుసలో ఫలానావాడు అని చెప్పేయొచ్చు. పరీక్ష హాల్లో రెండో వరుస నాలుగో బెంచీ అంటే హాల్‌టికెట్ అడక్కుండానే నంబరు తెలిసిపోయినట్టు. అంటే అక్కడ వస్తువుకి టైపు అనే చీటీ ఎక్కడా అంటించలేదు. ఉన్న చోటును బట్టి టైపు ఊహించారు.

అంతకు ఏడాది ముందు, 1977లో అమెరికాలో అటారి కంపెనీ ఇళ్ళలో టీవీకి పెట్టుకునే ఒక గేమ్ పెట్టెను తెచ్చింది. తర్వాత దానికి అటారి 2600 అని పేరు స్థిరపడింది. అందులో చిప్పే ఈ పని చేసేది. తెర మీద గీయగలిగే వస్తువులు ఆరు రకాలు: ఇద్దరు ఆటగాళ్ళు, రెండు క్షిపణులు, ఒక బంతి, వెనక కనిపించే మైదానం. ఈ ఆరింటిలో ఏ రెండు తాకినా గుర్తుపెట్టుకోవడానికి జంటకొకటి చొప్పున బిట్లు పెట్టారు. ఎన్ని బిట్లు? ఇంటర్ ఎంపీసీ చెల్లెళ్ళు చెప్పేస్తారు, ఆరింటిలో రెండు ఎంచుకునే విధానాలు 15. ఆ చిప్‌లో సరిగ్గా 15 బిట్లే ఉన్నాయి. ఫలానా జంట తాకితే దాని బిట్ 1 అవుతుంది, ప్రోగ్రాము చెరిపేదాకా అలాగే ఉంటుంది. పర్ముటేషన్స్, కాంబినేషన్స్ ఎందుకు పనికొస్తాయని లెక్చరర్‌ని అడిగేవాళ్ళకి ఇదొక జవాబు.

ఇప్పుడు మనవాళ్ళ సంగతికి వస్తాను. మన హాస్టల్ నుంచి పాలిటెక్నిక్‌కి వెళ్ళిన ముగ్గురు తమ్ముళ్ళు ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇలాంటి ఆటే చేస్తామని రాసిచ్చారు. పైథాన్ భాష, పైగేమ్ అనే లైబ్రరీ. ఈ పైగేమ్ 2000లో మొదలైంది, ఉచితంగా దొరుకుతుంది, పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. వాళ్ళ ల్యాబులో వారానికి రెండు గంటలే సిస్టమ్ దొరికేది. దసరా సెలవుల్లో మా ఇంటికొచ్చారు. ముఖాలు చూస్తేనే తెలిసిపోయింది, ఆట ఆడటంలేదని. రివ్యూకి మూడు వారాలుంది. ప్రాజెక్టు మార్కులు పర్సంటేజీలో కలుస్తాయి. అరవై శాతం లేకపోతే కొన్ని కంపెనీలు క్యాంపస్ పరీక్షకే కూర్చోనివ్వవు. ముగ్గురిలో ఇద్దరు అరవై గీత మీదే ఉన్నారు.

"ఏమైందిరా?" అన్నాను.

"అన్నా, శత్రువులు వాళ్ళ తూటాలకి వాళ్ళే చచ్చిపోతున్నారు. మనం కొట్టకుండానే ఆట అయిపోతోంది."

"తూటా ఎవరిదో చూశారా?"

"తూటా అంటే తూటాయే కదన్నా."

చిక్కంతా ఆ ఒక్క మాటలో ఉంది. వాళ్ళ ప్రోగ్రాములో తూటా అనేది ఒకటే టైపు. మనం పేల్చినదీ అదే, వాళ్ళు పేల్చినదీ అదే. చూడటానికి ఒకే బొమ్మ అయినా, తగిలినప్పుడు జరగాల్సింది వేరైతే అవి రెండు టైపులు. బొమ్మను చూసి టైపు పెట్టకూడదు, ఫలితాన్ని చూసి పెట్టాలి.

రెండో గొడవ, 10 పాయింట్ల శత్రువుని కొడితే 20 వస్తున్నాయి. తెర మీదున్న ప్రతి వస్తువునీ మిగతా ప్రతి వస్తువుతో పోల్చే లూపు రాశారు. తూటా వంతు వచ్చినప్పుడు తూటా–శత్రువు అని ఒకసారి, శత్రువు వంతు వచ్చినప్పుడు శత్రువు–తూటా అని ఇంకోసారి, ఒకే దెబ్బ రెండుసార్లు లెక్కకొచ్చింది. లోపల ఇఫ్‌ల నిచ్చెన. అ తూటా అయి ఆ శత్రువు అయితే ఇది చెయ్యి, అ శత్రువు అయి ఆ తూటా అయితే ఇది చెయ్యి, అలా పేజీన్నర. పైగా టైపుని పేరుతో పోల్చారు. ఒకచోట ఎనిమీ అనే మాట స్పెల్లింగు తప్పు పడింది. కంప్యూటరు దాన్ని తప్పు అనదు, ఆ రెండు మాటలూ ఒకటి కావు అని ఊరుకుంటుంది. అలాంటి తప్పు దొరకడానికి వాళ్ళకి ఒక వారం, అంటే రెండు ల్యాబు గంటలూ పోయాయి.

కంప్యూటరు పక్కన పెట్టించి నోటుబుక్కు తీయించాను. ఆరు టైపులు రాయమన్నాను: మన ఫిరంగి, మన తూటా, శత్రువు, పళ్ళెం, గోడ, శత్రువు తూటా. ఎక్కాల పట్టీలాగా అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు గీస్తే 36 గడులు. తూటా–గోడ అన్నా గోడ–తూటా అన్నా ఒకటే కాబట్టి సగం గడులు రిపీటు. తన టైపుతో తనే తాకే జంటలు కూడా కలుపుకుంటే మిగిలేవి 21. ఒక్కో గడిలో ఏం జరగాలో మాటల్లో రాయమన్నాను.

రాసేసరికి 13 గడులు ఖాళీగా మిగిలాయి. నిండినవి ఎనిమిదే. మన తూటా తాకగలిగేవి నాలుగు: శత్రువు, పళ్ళెం, గోడ, శత్రువు తూటా. శత్రువు తూటా వెళ్ళి ఫిరంగికి తగిలితే ఒక ప్రాణం పోతుంది, గోడకి తగిలితే గోడ చెదురుతుంది. శత్రువే గోడదాకా దిగితే గోడ చెరిగిపోతుంది, ఫిరంగిదాకా దిగితే ఆట ముగుస్తుంది. పేజీన్నర ఇఫ్‌లలో వాళ్ళు వెతుకుతున్నది ఈ ఎనిమిది గడులనే. ఇదంతా అయ్యేసరికి ఒక్క లైను కూడా టైపు చేయలేదు, టీ మాత్రం రెండుసార్లు తాగాం.

రివర్సు జంటల గొడవకి మందు చాలా చిన్నది. టైపులకి నంబర్లివ్వాలి. తాకిన ఇద్దరిలో చిన్న నంబరు ఉన్నది ఎప్పుడూ ముందు ఉండేట్టు మార్చుకుని, ఆ తర్వాత పట్టికలో గడి చూడాలి. శత్రువు–తూటా అని వచ్చినా తూటా–శత్రువు గడికే వెళుతుంది. లూపు కూడా ప్రతి జంటనీ ఒక్కసారే చూసేట్టు రాయాలి.

ఖాళీ గడుల వల్ల ఇంకో లాభం ఉంది. తెర మీద 100 వస్తువులున్నాయనుకోండి. జంటలు 4,950. సెకనుకి 60 సార్లు తెర మారుతుంది కాబట్టి సెకనుకి 2,97,000 సార్లు తాకాయా అని అడగాలి. అందులో మన తూటాలు 10, శత్రువులు 50 అయితే, ఆ రెండు రకాల మధ్య చూడాల్సినవి 500 జంటలే. శత్రువుతో శత్రువుని పోల్చే 1,225 జంటలు అసలు ముట్టుకోనవసరం లేదు. అందుకే చాలా గేమ్ ఇంజన్లలో టైపు ముందు చూసి, తాకిందా లేదా అన్నది తర్వాత చూస్తారు. నేను మొదట చెప్పిన రెండు ప్రశ్నల వరస ఇక్కడ తిరగబడుతుంది. వాచ్‌మన్ పాస్ లేనివాడిని గేటు దగ్గరే ఆపేస్తే ఆఫీసులో రిజిస్టరు తిప్పాల్సిన పనుండదు కదా, అలాగన్నమాట.

ఈ ముందు చూడటాన్ని కంప్యూటరు అతి వేగంగా చేసే పద్ధతి ఒకటుంది. దాన్ని కొంచెం నిదానంగా చదవండి. ఒక్కో టైపుకి 1, 2, 4, 8, 16, 32 అని రెట్టింపు నంబర్లు ఇస్తారు. మన ఫిరంగి 1, మన తూటా 2, శత్రువు 4, పళ్ళెం 8, గోడ 16, శత్రువు తూటా 32. ద్విసంఖ్యామానంలో రాస్తే ఒక్కోదానిలో ఒక్క చోటే 1 ఉంటుంది. ఇప్పుడు మన తూటా ఎవరెవరిని తాకవచ్చో కూడండి: 4, 8, 16, 32 కలిపితే 60. అంటే 111100. దీన్ని మాస్కు అంటారు. ఎదురుగా శత్రువు వచ్చాడు, వాడి నంబరు 000100. రెండింటినీ ఆండ్ చేస్తే, అంటే రెండింటిలోనూ 1 ఉన్న చోటే 1 ఉంచితే, 000100 వస్తుంది. సున్న కాదు, కాబట్టి తాకిందేమో చూడాలి. ఎదురుగా వచ్చింది మన ఫిరంగే అయితే దాని నంబరు 000001. ఆండ్ చేస్తే సున్న. వదిలేయొచ్చు. శత్రువు తూటా మాస్కు 1, 2, 16 కలిపి 19, అంటే 010011. దాన్ని శత్రువు నంబరు 000100తో ఆండ్ చేసి చూడండి, సున్నే వస్తుంది. తమ్ముళ్ళ ఆటలో శత్రువులు వాళ్ళ తూటాలకి వాళ్ళే చచ్చే బాధ ఈ ఒక్క లెక్కతో పోతుంది.

ఎరిన్ కాట్టో అనే ప్రోగ్రామరు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన బాక్స్ టూడీ అనే ఫిజిక్స్ ఇంజన్ పద్ధతి ఇదే. 2009లో వచ్చిన యాంగ్రీ బర్డ్స్ ఆట నడిచింది ఆ ఇంజన్ మీదే. అందులో ఇంకో మంచి నియమం ఉంది. ఒకరి మాస్కు ఒప్పుకుంటే చాలదు, రెండోవాళ్ళ మాస్కు కూడా ఒప్పుకోవాలి. ఇద్దరూ సరేనంటేనే ఢీకొన్నట్టు. యూనిటీ అనే ఇంజన్‌లో దీన్నే లేయర్లు అంటారు, 32 దాకా పెట్టుకోవచ్చు. ఏ లేయరు ఏ లేయరుని తాకాలో టిక్కులు పెట్టడానికి ఒక పట్టిక తెర మీదే కనిపిస్తుంది. మన నోటుబుక్కులో గీసిన పట్టికే అది, సగం గడులు కొట్టేసి మెట్లమెట్లుగా ఉంటుంది కూడా.

మాస్కు వడపోసేస్తుంది, అంతే. ఆ తర్వాత ఏం జరగాలో ఎవరు చెప్పాలి? జావా, సీ ప్లస్ ప్లస్ చదివేవాళ్ళకి ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఈ భాషల్లో ఒక ఆబ్జెక్టుని తాకించు అని పిలిస్తే, పిలిచిన ఆబ్జెక్టు ఏ టైపో చూసి దానికి తగ్గ ఫంక్షను నడుస్తుంది. రెండో ఆబ్జెక్టు నిజంగా ఏ టైపో అది చూడదు. మనకేమో ఇద్దరి టైపులూ కావాలి.

మన ఇళ్ళలో వరసలు కలుపుకోవడం గుర్తుచేసుకోండి. ఒకే మనిషిని పెళ్ళిలో ఒకరు మామా అంటారు, ఒకరు బాబాయ్ అంటారు, ఇంకొకరు బావా అంటారు. పిలుపు ఆ ఒక్క మనిషిని బట్టి రాదు, ఇద్దరూ ఎవరో తెలిస్తేనే వస్తుంది. అందుకని కొత్తవాళ్ళు కలిసినప్పుడు ఒకరు ముందు చెబుతారు, "నేను పెళ్ళికొడుక్కి మేనమామనండీ" అని. అవతలివాళ్ళకి తామెవరో ఎలాగూ తెలుసు, విన్నది కలుపుకుని వరస తేల్చేస్తారు. ప్రోగ్రాములోనూ అంతే. తూటా తన వంతు రాగానే రెండో వస్తువుతో నిన్ను తూటా తాకింది అని చెబుతుంది. ఆ వస్తువు గోడ అయితే గోడలో ఉన్న తూటా తాకినప్పుడు అనే ఫంక్షను నడుస్తుంది, శత్రువు అయితే శత్రువులో ఉన్నది నడుస్తుంది. ఎవరూ ఎవరినీ నువ్వు ఏ టైపు అని అడగలేదు, అయినా ఇద్దరి టైపులూ తేలిపోయాయి. దీన్ని డబుల్ డిస్పాచ్ అంటారు. డాన్ ఇంగల్స్ అనే ఆయన 1986లో దీని మీద పేపరు రాశారు. సీ ప్లస్ ప్లస్ నేర్చుకునేవాళ్ళు స్కాట్ మేయర్స్ రాసిన మోర్ ఎఫెక్టివ్ సీ ప్లస్ ప్లస్ దొరికితే చూడండి. 1996 నాటి పుస్తకం. ఈ సమస్యని అంతరిక్ష నౌకలు, గ్రహశకలాలు ఢీకొనే ఆటతోనే చెప్పారు.

ఇది తెలివైన పద్ధతే గానీ నాకు అన్నిచోట్లా నచ్చదు. కొత్తగా ఒక టైపు చేరిస్తే ఉన్న ప్రతి టైపులోకీ వెళ్ళి ఒక ఫంక్షను చేర్చాలి. ఇంట్లోకి కొత్త కోడలు వస్తే బంధువులందరూ వరసలు మళ్ళీ నేర్చుకున్నట్టు. ఆరు టైపుల ఆటకి పట్టికే నయం. ఇరవై టైపులైతే గడులు 210 అవుతాయి, అప్పుడు పట్టిక కూడా చేతులెత్తేస్తుంది. అలాంటప్పుడు ప్రశ్ననే మార్చాలి. నువ్వెవరు అని కాకుండా నువ్వేం చేయగలవు అని అడగాలి. నీకు దెబ్బ తగులుతుందా? తగిలితే ఎంత ఓర్చుకుంటావు? దెబ్బ తగిలే గుణం శత్రువుకి ఉంది, గోడకి ఉంది, పళ్ళానికి ఉంది. రేపు కొత్తగా పీపా ఒకటి పెట్టినా, దానికీ ఆ గుణం తగిలిస్తే సరి, తూటా కోడు ముట్టుకోనక్కర్లేదు. ఇప్పుడు పెద్ద ఆటలు ఎక్కువగా ఇటువైపే వెళుతున్నాయి.

తమ్ముళ్ళకి ఇవన్నీ అక్కర్లేకపోయాయి. పైగేమ్‌లో వస్తువులని గ్రూపులుగా పెట్టుకోవచ్చు. ఆరు టైపులకి ఆరు గ్రూపులు పెట్టారు. రెండు గ్రూపులిస్తే ఒకదానిలోవి రెండోదానిలో వేటిని తాకాయో చెప్పి, కావాలంటే తాకినవాటిని తీసేసే గ్రూప్‌కొలైడ్ అనే ఫంక్షను అందులోనే ఉంది. నిండిన గడులు ఎనిమిది కాబట్టి ఎనిమిది పిలుపులు. పేజీన్నర ఇఫ్‌లు పోయి ఎనిమిది లైన్లు, వాటి కింద స్కోరు లెక్కలు మిగిలాయి. ఏ లైను ఏ గడిదో ముగ్గురిలో ఎవరిని అడిగినా చెప్పగలిగారు. రివ్యూలో అడిగేది కూడా అదే.

రివ్యూకి రెండు రోజుల ముందు రాత్రి ఫోను చేశారు. "అన్నా, ఒక్క తూటాకి పక్కపక్కనున్న ఇద్దరు చస్తున్నారు." తూటా బొమ్మ కాస్త వెడల్పు, ఇద్దరి అంచులకీ ఒకేసారి తగులుతోంది. ఆ లైనులో ముందు ఏ గ్రూపు రాశారని అడిగాను. తూటాలు ముందు, శత్రువులు తర్వాత అన్నారు. ఆ ఫంక్షను మొదటి గ్రూపులోవాటిని ఒక్కొక్కటిగా తీసుకుని, అది తాకిన రెండో గ్రూపువాళ్ళందరినీ తీసేస్తుంది. తూటా మొదట ఉంటే అది తాకిన ఇద్దరూ పోతారు. శత్రువు మొదట ఉంటే వాడిని తాకిన తూటా అప్పుడే పోతుంది, పక్కవాడి వంతు వచ్చేసరికి అక్కడ తూటా ఉండదు. ఆ లైనులో రెండు పేర్ల చోట్లు అటూ ఇటూ మార్చమన్నాను. ఫోను పెట్టకుండానే మార్చి ఆడి చూశారు. ఒక తూటాకి ఒకడే పడ్డాడు.